‘సంబంధం’ గడిలో ఏం రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

స్వలింగ జంటల వివాహ హక్కు గురించి మీ పత్రికకు పాఠకులు రాస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో చాలామంది పందిరి, మంగళసూత్రం, సంప్రదాయం గురించి ఆవేదన చెందుతున్నారు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరులో పనిచేసిన నాకు మాత్రం ఈ చర్చ రాగానే దరఖాస్తు ఫారాల్లో ‘సంబంధం’ అని ఉండే చిన్న గడి గుర్తుకొస్తుంది.

మా మేడమీది వాటాలో తొమ్మిదేళ్లుగా ఇద్దరు ఉపాధ్యాయినులు అద్దెకుంటున్నారు. వారి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. నిరుడు ఒక తెల్లవారుజామున వారిలో ఒకరికి కడుపునొప్పి తీవ్రమైతే నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. అంగీకార పత్రం నింపుతున్న రెండో అమ్మాయి కలం ఆ గడి దగ్గర ఆగిపోయింది. కాసేపటికి ‘స్నేహితురాలు’ అని రాసింది. అది చెల్లదు, రక్తసంబంధీకులు రావాలన్నారు. నాలుగేళ్లుగా మాటల్లేని అన్నగారికి ఫోన్ చేసి బతిమాలుకుంటే, ఆయన పలాస నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఏ మందు పడదో, రాత్రి ఏం తిన్నదో డాక్టరుకు చెప్పింది ఈ అమ్మాయి. సంతకం పెట్టింది ఆయన.

2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇష్టపూర్వకంగా కలిసి బతికే వయోజనులకు నేరస్థులన్న ముద్ర పోయింది. కానీ 2023 అక్టోబరు 17న, హైదరాబాదుకు చెందిన ఒక జంట, మరికొందరు వేసిన పిటిషన్లపై అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వివాహం ప్రాథమిక హక్కు కాదని ఏకగ్రీవంగా చెప్పింది. ఇలాంటి బంధాలకు చట్టపరమైన గుర్తింపునైనా ఇవ్వాలన్న ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయం మెజారిటీ ముందు నిలవలేదు. రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరిలో తోసిపుచ్చారు. చట్టం చేయవలసింది పార్లమెంటేనన్న మాటను నేను గౌరవిస్తాను. అందుకే ఇక ప్రజాప్రతినిధులను అడగాలంటున్నాను.

ఈ జంటల ఇబ్బందులను పరిశీలించేందుకు క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని కేంద్రం ఆనాడే కోర్టుకు హామీ ఇచ్చి, 2024 ఏప్రిల్‌లో ఏర్పాటు చేసింది. ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మంచిదే. అయితే నామినీ అంటే డిపాజిట్ సొమ్మును వారసుల తరఫున అందుకునే వ్యక్తి మాత్రమే. అది అతని ఆస్తి అయిపోదు. ఈ తేడా తెలియక కౌంటరు ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను ఎందరినో చూశాను. జీవిత బీమాలో 2015 సవరణ నామినీకే సొమ్ముపై హక్కు కల్పించినా, అది తల్లిదండ్రులకు, జీవిత భాగస్వామికి, పిల్లలకే వర్తిస్తుంది. వీలునామా రాసుకోవచ్చు కదా అని కొందరు అంటారు. రాసుకోవచ్చు, కానీ దాన్ని బంధువులు కోర్టులో సవాలు చేస్తే ఏళ్ల తరబడి తిరగాలి. పైగా వీలునామాతో కుటుంబ పింఛను రాదు.

సంప్రదాయం సంగతికి వస్తే, కోర్టుకు వెళ్లినవారిలో ఎక్కువమంది కోరింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్. కులాంతర, మతాంతర జంటలు ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్ట్రారు ఎదుట సంతకాలు చేసే చట్టం అది. దాని వల్ల ఎవరి ఇంటి పెళ్లి మంత్రాలూ మారలేదు.

ఇదంతా ఎక్కడో మహానగరాల గొడవ అనుకునేవారికి మన పక్కనున్న నర్సీపట్నాన్ని గుర్తు చేస్తాను. అక్కడ తన భాగస్వామిని ఆమె తండ్రి నిర్బంధించారంటూ ఒక యువతి వేసిన హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్నవారిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే) పిటిషన్‌పై, 2024 డిసెంబరులో మన హైకోర్టు ఆ ఇద్దరికీ కలిసి జీవించే స్వేచ్ఛ ఉందని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. కలిసి బతకవచ్చని న్యాయస్థానం చెప్పిన ఆ ఇద్దరిలో ఒకరు రేపు ఆసుపత్రిలో చేరితే, రెండోవారు ఆ గడిలో ఏమని రాయాలి?

ఉత్తరాంధ్ర ఎంపీలు ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తాలని, ఆ కమిటీ వారసత్వం, పింఛను, వైద్య అంగీకారం విషయాల్లో ఏం సిఫారసు చేసిందో సభ ముందు పెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం