పాత డైసీ, కొత్త డైసీ: ఈ సీజన్‌లో మా షాపులో మారినవి

క్రిస్మస్ దగ్గర పడేసరికి మా షాపుకి బీబీ గన్ల కోసం, అంటే గాలి ఒత్తిడితో చిన్న ఉక్కు గుళ్లు కొట్టే గన్ల కోసం, ముఖ్యంగా డైసీ కంపెనీవాటి కోసం, ఫోన్లు ఎక్కువవుతాయి. ఆర్కన్సాలోని మా రోజర్స్, బెంటన్‌విల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి కాబట్టి అందులో సగం మనవాళ్లవే. ఈసారి అమ్మకాల్లో కొన్ని మార్పులు చేస్తున్నాను. ముందే తెలిస్తే మీకు అనవసరంగా రావడం తప్పుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. పాత డైసీలకి కొత్తగా రంగు వేసి మెరిపించి ఇమ్మనే ఆర్డర్లు ఇక తీసుకోను. లోపల సీల్, స్ప్రింగ్ బాగుచేస్తాను, తుప్పు పెరగకుండా నూనె రాస్తాను, అంతవరకే. బ్లూయింగ్ (లోహం మీది నీలినలుపు పూత) అరిగిపోయి తెల్లబడ్డ ఆ చోట్లు ఎవరో పిల్లాడు ఏళ్ల తరబడి పట్టుకుని తిరిగిన గుర్తులు. వాటిని గీకేస్తే అందమూ పోతుంది, సేకరించేవాళ్ల దగ్గర ధర కూడా పడిపోతుంది. మెరిసే గన్ కావాలనుకునేవాళ్లకి రీఇష్యూలు, అంటే పాత మోడళ్లనే కంపెనీ తర్వాత మళ్లీ చేసి అమ్మినవి, ఉన్నాయి, అవి నిజంగానే బాగుంటాయి.

పాతదేదో, రీఇష్యూ ఏదో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లని చూస్తుంటే బాధగా ఉంటుంది. ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకంలో) డైసీ వాళ్ల రెడ్ రైడర్ గన్ దొరికింది, దాని మీద 1938 అని ఉంది, కాబట్టి 1938 నాటిదే అంటూ సంబరంగా తెస్తారు. రెడ్ రైడర్ అనే కౌబాయ్ కామిక్ స్ట్రిప్ మొదలైన సంవత్సరం అది. ఆ అంకెని మోడల్ నంబరుగా పెట్టి డైసీ 1970ల్లో మళ్లీ విడుదల చేసింది. అంటే మీ చేతిలో ఉన్నది రీఇష్యూ. దానికీ ఇప్పుడు యాభై ఏళ్లు దాటి ఉండొచ్చు, ఎవరి చిన్నతనమో అందులోనూ ఉంటుంది, కానీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి గన్ ధర దానికి పెట్టకండి. అసలు పాతదాని మీద నంబర్ 111, మోడల్ 40 అని ఉంటుంది.

ఇంకో గుర్తు ఊరి పేరు. డైసీ పుట్టింది మిషిగన్‌లోని ప్లిమత్‌లో. మొదట అది గాలిమరల కంపెనీ. 1888 ప్రాంతంలో గాలిమర కొన్న రైతులకి ఒక లోహపు ఎయిర్ గన్ ఊరికే ఇవ్వడం మొదలుపెట్టారు. జనం గాలిమర కంటే గన్‌నే ఎక్కువ అడగడంతో 1895లో కంపెనీ పేరే డైసీ అని మార్చేశారు. 1958లో ఫ్యాక్టరీ మన రోజర్స్‌కి వచ్చింది. కాబట్టి గన్ మీద ప్లిమత్ అని చెక్కి ఉంటే 1958కి ముందుది, రోజర్స్ అని ఉంటే ఆ తర్వాతది. డౌన్‌టౌన్‌లోని డైసీ మ్యూజియంకి ఇంకా వెళ్లనివాళ్లు ఒక్కసారి వెళ్లండి. ఇవన్నీ వరసగా కళ్ల ముందు పెట్టి చూసుకోవచ్చు.

బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ప్లాస్టిక్ అని తెలియగానే నకిలీ అని పక్కన పెట్టేసేవాళ్లూ ఉన్నారు. తొందరపడకండి. 1950ల్లో డైసీయే చాలా గన్లకి ప్లాస్టిక్ బట్‌లు పెట్టింది. రీఇష్యూలకేమో చెక్క బట్ వస్తోంది. చెక్క ఉంటే పాతది, ప్లాస్టిక్ ఉంటే కొత్తది అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

బట్‌లో దిక్సూచి, సన్‌డయల్ (నీడతో టైము చూపే పలక) ఉన్న రెడ్ రైడర్ కావాలని ప్రతి డిసెంబరులోనూ అడుగుతారు. 1983 నాటి 'ఎ క్రిస్మస్ స్టోరీ' సినిమా ప్రభావం అది. మామూలు రెడ్ రైడర్‌కి అవి ఎప్పుడూ లేవు, 1930ల్లో బక్ జోన్స్ పేరుతో వచ్చిన డైసీకి ఉండేవి. సినిమా కోసం అవి ఉన్న రెడ్ రైడర్లని ప్రత్యేకంగా చేసి, తర్వాత పరిమితంగా అమ్మారు. నా దగ్గర ప్రస్తుతం లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మోడల్ 25. 1914లో వచ్చిన పంప్ గన్. ముందున్న చెక్క పిడిని వెనక్కి లాగుతుంటే స్ప్రింగ్ బిగుసుకోవడం మోచేతి దాకా తెలుస్తుంది. మూతి దగ్గర గొట్టం మరలు విప్పితే బయటికి వస్తుంది, అందులో 50 గుళ్లు పడతాయి. పాతవాటిలో గాలిని నెట్టే సీల్ తోలుది. ఏళ్ల తరబడి అటక మీద ఉంటే ఎండి చుట్టుకుపోతుంది. గుండు మూతి దాటి జారి పడుతుందే తప్ప ఎగరదు. గన్ చచ్చిపోయిందని చాలామంది పారేస్తారు. ఆ గొట్టం తీసి, డిటర్జెంట్ లేని 30 వెయిట్ మోటార్ ఆయిల్ కొన్ని చుక్కలు లోపల వేసి, మూతి పైకి ఉండేలా రాత్రంతా గోడకి ఆనించండి. తోలు నూనె పీల్చి ఉబ్బుతుంది. చాలా గన్లు దాంతోనే లేచి కూర్చుంటాయి. తర్వాత వచ్చిన రీఇష్యూ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, గుండు బాగానే కొడుతుంది. ఆ లాగుడులోని బరువు మాత్రం పాతదానిదే అని నా అభిప్రాయం.

పిల్లల కోసం కొనేవాళ్లకి ఇకనుంచి పాత గన్ అమ్మను. పాతవాటికి సేఫ్టీ ఉండదు. స్ప్రింగ్ బిగించడానికి కిందికి లాగే లీవర్‌ని పూర్తిగా మూయకుండా ట్రిగ్గర్ నొక్కితే ఆ లీవర్ వేళ్ల మీదకి విసురుగా వచ్చి కొడుతుంది. కొత్త రెడ్ రైడర్‌కి సేఫ్టీ ఉంది. పదేళ్లు దాటిన పిల్లలకి, అదీ పెద్దలు పక్కన ఉండగానే. కళ్లకి రక్షణ అద్దాలు కొనకపోతే గన్ ఇవ్వను, ఈ విషయంలో నాతో వాదించకండి. ఉక్కు గుండు రాయికో రేకుకో తగిలితే చాలా వేగంగా వెనక్కి వస్తుంది. అట్టపెట్టెలో పాత పేపర్లు దట్టంగా కూరి టార్గెట్ పెట్టండి. మనలో చాలామందికి నాంపల్లి ఎగ్జిబిషన్‌లో బెలూన్లు పేల్చిన సరదా గుర్తుంటుంది. అక్కడ స్టాల్ అతను పక్కనే నిలబడేవాడు, ఇక్కడ ఆ పని మీరే చేయాలి.

ఎడిసన్ నుంచి అడిగేవాళ్లకి: న్యూజెర్సీ చట్టం బీబీ గన్‌ని కూడా ఫైర్‌ఆర్మ్‌గానే చూస్తుంది, పర్మిట్ వ్యవహారం ఉంటుంది. న్యూయార్క్ సిటీలో ఎయిర్ గన్లకి అసలు అనుమతే లేదు. ఈ రెండు చోట్లకీ పంపను. ఇండియాకి సూట్‌కేస్‌లో పెట్టుకెళ్లడానికని చెబితే ఇక్కడ కూడా అమ్మను.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను. కొత్త రెడ్ రైడర్ మీద నాకు మిగిలేది చాలా తక్కువ. పెద్ద స్టోర్లలో నాకంటే చవకగా దొరుకుతుంది, దొరికితే అక్కడే తీసుకోండి. నాకు జీతం వచ్చేది పాతవాటి రిపేరు మీద, అందుకే రిపేరు చార్జీ ఈ నెల నుంచి కొంచెం పెంచుతున్నాను. అమ్మే ప్రతి పాత గన్‌కీ ఒక చీటీ కడతాను. ఏ భాగం అసలుది, ఏది మార్చాను, ఏ కాలం నాటిదని అనుకుంటున్నాను, అన్నీ అందులో రాసి ఉంటాయి.

మీ గ్యారేజీలో పాతది పడి ఉంటే శుక్రవారం సాయంత్రంలోగా తెచ్చివ్వండి. తోలు నానడానికి ఒక రాత్రి కావాలి. శనివారం మధ్యాహ్నానికి కొట్టి చూపిస్తాను, పని చేయకపోతే డబ్బు తీసుకోను.