గుంపులో బతికే చేపలను గిన్నెలో పెట్టి అమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలి పుట్టినరోజుకి ఎవరో గుండ్రటి గాజు గిన్నెలో రెండు నియాన్ టెట్రాలు బహుమతిగా ఇచ్చారు. అంగుళంన్నర కూడా లేని చేపలు. ఒంటికి నీలం గీత, తోక వైపు ఎరుపు. రెండూ అడుగున ఒకచోటే ఉండిపోయేవి, రంగు వెలిసిపోయింది. ఆరు రోజుల్లో రెండూ పోయాయి. పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇవి అమెజాన్ ప్రాంతపు వాగుల్లో గుంపులుగా తిరిగే చేపలని తర్వాత తెలిసింది. కనీసం 6, వీలైతే 10 ఉంటేనే బెదురు లేకుండా ఈదుతాయి. అంతకన్నా ముఖ్యం నీళ్లు. చేపల విసర్జన నుంచి వచ్చే అమోనియా వాటికి విషం. దాన్ని విరిచే బ్యాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. గిన్నెలో ఫిల్టరే లేదు, ఇంక బ్యాక్టీరియా ఎక్కడ నిలుస్తుంది?

ఈసారి 60 లీటర్ల తొట్టి కొన్నాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోయే మందు కలిపి, ఫిల్టర్ పెట్టి, ఆ బ్యాక్టీరియాకి అమోనియా అందేలా రోజూ చిటికెడు మేత వేస్తూ చేపలు లేకుండానే 5 వారాలు ఆగాం. పిల్ల రోజూ అడిగేది, ఇంకా ఎన్నాళ్లు తాతయ్యా అని. నీటి పరీక్షలో అమోనియా, అది విరిగితే వచ్చే మరో విషం నైట్రైట్, రెండూ సున్నా వచ్చాకే 8 టెట్రాలు తెచ్చాం. ఇప్పుడు సాయంత్రం లైటు వేస్తే ఎనిమిదీ ఒక్కసారే మలుపు తిరుగుతాయి.

అమ్మేవాళ్లు ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి చేపలతోపాటు ఇవ్వాలి. తల్లిదండ్రులు దయచేసి వీటిని రిటర్న్ గిఫ్టులుగా పంచొద్దు.

– ఒక తాతయ్య, విజయవాడ