నా ఫైళ్లు ఎక్కడికి పంపాలో నన్ను అడగాలి కదా

ఎడిటర్ గారికి,

నమస్కారం. విద్యానగర్‌లో మా ఇంటి ముందు గదిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కూర్చే పని చేస్తున్నాను. ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర కాబట్టి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలే ఎక్కువగా వస్తాయి. మధ్యలో శుభలేఖలు, కరపత్రాలు. పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత అను తెలుగు ఫాంట్లతో మొదలుపెట్టి, ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌కు వచ్చాను. కంప్యూటర్ నాకు కొత్త కాదు. అయినా గత నెలలో ఒక విద్యార్థి మూడేళ్ల కష్టం నా లాప్‌టాప్‌లో ఉందనుకుంటే లేకుండా పోయింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు లాప్‌టాప్ ఎందుకు కొన్నానో చెప్పాలి. 2016లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో అసెంబుల్ చేయించిన నా డెస్క్‌టాప్ ఈ రోజుకీ బాగా నడుస్తోంది. కానీ విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. నాది ఆరో తరం. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు తీసుకునే దారి ఉందని నాకు తర్వాత తెలిసింది. షాపులో ఎవరూ ఆ మాట చెప్పలేదు. విద్యార్థుల ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు ఉండే మిషన్‌ను భద్రత లేకుండా వాడటం ఇష్టంలేక, కంతులు పెట్టుకుని లాప్‌టాప్ తెచ్చుకున్నాను.

తెచ్చిన రోజే అందులో నేను అడగనివి ఎన్నో ఉన్నాయి. నెల రోజుల ట్రయల్ యాంటీవైరస్, పేరు కూడా వినని రెండు గేములు, ఇంకా ఏవేవో. యాంటీవైరస్ గడువు తీరిపోయాక రోజుకు మూడుసార్లు ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అని ఎర్ర డబ్బా వస్తుంటే మా అత్తగారు నిజంగానే భయపడ్డారు. వాటిని ఓపిగ్గా తీసేశాను. తీయాలని నాకు తెలియనిది ఒకటి మిగిలిపోయింది. మొదటి రోజు సెటప్‌లో ఇంగ్లిష్‌లో వచ్చిన తెరలన్నిటికీ ‘నెక్స్ట్’ నొక్కుతూ పోయాను. ఆ తెరల్లోనే ఎక్కడో ఆ లాప్‌టాప్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు క్లౌడ్‌కు, అంటే నెట్ ద్వారా కంపెనీ తన దగ్గర ఫైళ్లు దాచే చోటుకు ముడిపడ్డాయి. ‘మీ ఫైళ్లు మా దగ్గర పెట్టమంటారా, వద్దా’ అని విడిగా, అర్థమయ్యేలా అడిగిన గుర్తు నాకు లేదు.

గత నెల రెండో శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు నెట్ పోయింది. రూటర్ మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతోంది, అంటే బయట ఫైబర్ తెగిందన్నమాట. ఆ విద్యార్థి నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో వచ్చి మా హాల్లో కూర్చుని ఉన్నాడు. మర్నాడు పొద్దున తొమ్మిదికి తన గైడ్‌కు పూర్తి ప్రింటు చూపించి సంతకం తీసుకోవాలి. ఆయన మధ్యాహ్నం ఊరెళ్తున్నారు. నెట్‌తో ప్రింటుకు పనేముంది అనుకుని ఫైళ్లు తెరిచాను. చివరి రెండు అధ్యాయాలు తెరుచుకున్నాయి. మొదటి మూడూ తెరుచుకోలేదు. పేర్లు కనిపిస్తున్నాయి, పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంది, లోపల ఏమీ లేదు. డిస్కులో చోటు తగ్గిందని, చాలా రోజులుగా తెరవని ఫైళ్లను విండోసే లాప్‌టాప్‌లోంచి తీసేసి క్లౌడ్‌లో మాత్రమే ఉంచిందట. ఇది నాకు ఆ రాత్రి పదకొండుకు మా చెల్లెలి కొడుకు ఫోన్‌లో చెబితే అర్థమైంది.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్యాక్ నాది. మూడు వర్డ్ ఫైళ్లకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. కానీ నెట్ తగలగానే లాప్‌టాప్ ముందుగా తన అప్‌డేట్ దించుకోవడం మొదలుపెట్టింది. నేను గమనించేలోపే డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. తర్వాత పేజీ కూడా కదల్లేదు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. ‘పర్లేదు మేడం’ అంటూ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ముఖం నేను మరచిపోలేకపోతున్నాను.

నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఐదుసార్లు చేశాను. ప్రతిసారీ రికార్డు గొంతు రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంది. రాత్రి ఎనిమిదికి ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని మెసేజ్ వచ్చింది. లైటు మాత్రం ఎర్రగానే ఉంది. చివరికి మా వీధి కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే, ‘కరెంటోళ్లు కోసిన్రు ఆంటీ, రేపు పొద్దుగాల వస్త’ అన్నాడు. వచ్చింది ఆదివారం సాయంత్రం.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. అది మాకు దగ్గరే. ఆ తర్వాతే స్తంభాల మీద కేబుళ్లు కోయడం మొదలైంది. వేలాడే వైర్లు తీసేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఏ వీధిలో ఏ రోజు తీస్తారో నెట్ కంపెనీలకు ముందే చెప్పి, వాళ్లు మాకు ఒక మెసేజ్ పెడితే ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకుంటారు. నెలకు 499 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆరు నెలలకు ఒకేసారి ముందే కడుతున్నాను. ఆ ప్యాకేజీలో నేను ఎప్పుడూ తెరవని ఓటీటీలు ఉన్నాయి. అవి తీసేసి ఫోన్ ఎత్తే మనిషిని ఇవ్వండి అని అడిగితే అలాంటి ప్లాన్ లేదన్నారు.

శనివారం పొద్దున పై అంతస్తు వాళ్ల వైఫైతో ఫైళ్లు దించి, శివం రోడ్డులో ప్రింటు తీసేసరికి పదకొండున్నర. గైడ్ వెళ్లిపోయారు. ఆ అబ్బాయి ఊరికి వెళ్లి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. టైపింగ్ డబ్బులు నేను తీసుకోలేదు.

దీనికి చట్టాలు లేకపోలేదు. కొనేవాళ్లను తికమకపెట్టి ఒప్పించే పద్ధతులు 13 రకాలని గుర్తించి, వాటిని నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. అడగనిదాన్ని బలవంతంగా అంటగట్టడం, విడవకుండా విసిగించడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చింది. సమ్మతి స్పష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని, సమ్మతి కోరే మాటలను ఇంగ్లిష్‌లోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు ఉండాలని అందులో ఉంది. ఆ షెడ్యూల్‌లో తెలుగు ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, కంపెనీల ముఖ్య బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంతవరకు ఆగాల్సిన పని కంపెనీలకు లేదు. లాప్‌టాప్ ఆన్ చేసిన మొదటి రోజే ‘మీ ఫైళ్లు ఈ మిషన్‌లోనే ఉంచాలా, మా క్లౌడ్‌కు పంపాలా’ అని తెలుగులో ఒక తెర, రెండు బటన్లు పెట్టమంటున్నాను. ఏదీ నొక్కకపోతే ఫైళ్లు ఇంట్లోనే ఉండాలి.

పాఠకుల్లో ఈ మధ్య లాప్‌టాప్ కొన్నవాళ్లుంటే ఈ రోజే రూటర్ ఆపేసి, మీ పాత ఫైళ్లు నాలుగు తెరిచి చూడండి. పక్కన మబ్బు బొమ్మ ఉండి తెరుచుకోకపోతే, నెట్ ఉన్నప్పుడు దాని మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. నేను ఇప్పుడు ప్రతి సిద్ధాంత గ్రంథానికి ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టి, విద్యార్థి పేరు రాసి బీరువాలో దాస్తున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
విద్యానగర్, హైదరాబాద్