గాలిమరల పరిశ్రమకు గాలి ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

గాలి బాగా వీచే దేశంలో, గాలితో కరెంటు తీసే గాలిమరల పరిశ్రమ దానంతట అదే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిధులు కుమ్మరిస్తే చాలని ఇంకొందరు అంటారు. ఈ రెండు మాటలూ నిలబడవని నా అభిప్రాయం.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా పెద్ద గాలిమరలు రూపొందించే పని నాసాకు అప్పగించింది. బోయింగ్ లాంటి పెద్ద కంపెనీలు దిగాయి. జర్మనీ 1983లో 3 మెగావాట్ల గ్రోవియాన్ అనే భారీ గాలిమర కట్టింది, రెక్కల చక్రం అడ్డకొలతే 100 మీటర్లు. అది తిరిగింది కొన్ని వందల గంటలు. 1988లో విప్పేశారు. డెన్మార్క్‌లో మాత్రం క్రిస్టియన్ రీసాగర్ అనే వడ్రంగి 22 కిలోవాట్ల చిన్న మరలు చేసి అమ్మాడు. వ్యవసాయ పనిముట్లు చేసిన వెస్టాస్ కూడా 1979లో ఇందులోకి వచ్చింది. అదే ఏడాది డెన్మార్క్ ప్రభుత్వం మర ఖర్చులో 30 శాతం సబ్సిడీ ప్రకటించింది. అయితే రీసో పరీక్షా కేంద్రం ఆమోదించిన మోడల్ అయితేనే ఇచ్చేది.

అన్నిటికన్నా నాకు నచ్చింది అక్కడి మరల యజమానుల సంఘం చేసిన పని. ఏ మోడల్ ఆ నెలలో ఎన్ని యూనిట్లు ఇచ్చింది, ఏది చెడిపోయింది, తమ పత్రికలో అచ్చువేసేవారు. కొనబోయే రైతు అది చూసుకునేవాడు. తయారీదారు తప్పు దాచుకునే వీలు లేదు, దిద్దుకోవాల్సిందే.

కాలిఫోర్నియాలో పన్ను రాయితీ ఎంత కరెంటు తీశారని చూడలేదు, ఎంత పెట్టుబడి పెట్టారని చూసింది. నాసిరకం మరలు గుట్టల మీద ఆగిపోయాయి. 1985 చివర్లో అమెరికా కేంద్ర ప్రభుత్వ రాయితీ ఆగేసరికి, అక్కడికి ఎగుమతి చేస్తున్న వెస్టాస్ సైతం మరుసటి ఏడాది దివాలా తీసి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో తీసిన కరెంటు యూనిట్ల లెక్కన రాయితీ తెచ్చారు, మంచిదే. కానీ 2001 చివర్లో దాని గడువు దాటనిచ్చారు. 2002లో కొత్త మరలు ముందటేడాదిలో నాలుగో వంతుకు పడిపోయాయి. భారత్‌లోనూ 2012లో వేగవంతమైన తరుగుదల రాయితీ (మర ఖరీదులో ఎక్కువ భాగాన్ని మొదట్లోనే ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలు) తీసేయగానే కొత్త మరలు ఏడాదిలో దాదాపు సగానికి తగ్గాయి. ఇలా ఆగి ఆగి నడిస్తే గేర్‌బాక్సులు, రెక్కలు చేసే చిన్న కర్మాగారాలు ఎలా బతుకుతాయి? పని నేర్చినవాళ్లు వేరే దారి చూసుకుంటారు.

అందుకే ఏ ప్రభుత్వాన్నైనా నేను అడిగేది రెండే. రాయితీ ఎంతైనా సరే, పదేళ్లు కదలకుండా ఉంచండి. సబ్సిడీ తీసుకున్న ప్రతి మర నెలనెలా ఎన్ని యూనిట్లు ఇచ్చిందో, ఎన్ని రోజులు ఆగిందో అందరికీ కనిపించేలా పెట్టండి.

– ఒక పాఠకుడు