రెఫర్ చీటీలో టైము ఏదీ?

సంపాదకులకు,

అక్టోబరు 29న ప్రపంచ పక్షవాత దినం సందర్భంగా మన జిల్లాలో జరిగిన ర్యాలీ వార్త ఫొటోతో సహా చూశాను. 'ప్రతి నిమిషమూ విలువైనదే' అని ఫ్లెక్సీ, దాని వెనక అధికారులు, పక్కన ఎండలో నిలబెట్టిన నర్సింగ్ విద్యార్థినులు. ముఖ్య అతిథి రాక ఆలస్యం కావడంతో ర్యాలీ గంట లేటుగా మొదలైందని మీ విలేకరి చివర్లో ఒక్క ముక్క రాశారు. ఆయనకు నా అభినందనలు.

మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలట. మంచిదే. చేశాక ఏమవుతుందో మా ఉదయగిరి, సీతారామపురం వైపు వచ్చి కనుక్కోండి. నెల్లూరు ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ఆ రోడ్డు సంగతి, నెల్లూరు చేరాక వాన నీటిలో మునిగే అండర్ బ్రిడ్జిల సంగతి మీరు ఏటా వేస్తూనే ఉన్నారు, అధికారులు ఏటా చదువుతూనే ఉన్నారు.

ప్రజల్లో అవగాహన లేదని ఒక అధికారి వాపోయారు. నిజమే, పక్షవాతం అనగానే పసరు మందుకు పరిగెత్తేవాళ్లు, పావురం రక్తం పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవేవీ చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు ఆ అధికారులేం చేశారు?

మా బావమరిదికి మొన్న వానాకాలంలో పొద్దున్నే కుడి చెయ్యి పడిపోయింది. ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయలేదు, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ బీపీ చూశారు, సెలైన్ పెట్టారు, చాలాసేపటికి పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. పేరు, వయసు, బీపీ, కింద కోడిగీతల సంతకం. జబ్బు ఎన్ని గంటలకు మొదలైందో లేదు. ఎన్ని గంటలకు వచ్చారో, ఎన్ని గంటలకు పంపారో అసలే లేదు. నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. బస్సు గేటు దాటిన టైము రాయకపోతే మాకు మెమో వచ్చేది. ఆ బస్సు పోతే ఇంకో బస్సు ఉంటుంది.

నెల్లూరులో డాక్టరు మొదట అడిగింది ఆ టైమే. చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడని. మా చెల్లెలు ఏడుస్తూ ఏదో చెప్పింది, కొడుకు ఇంకేదో చెప్పాడు. సీటీ స్కాన్ తీసి, మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం మించిపోయిందన్నారు. ఆయన తప్పేమీ లేదు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఆ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఇచ్చేముందు మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాలి, రక్తస్రావం ఉండగా ఇస్తే ఆ మందే ప్రాణం తీయొచ్చు. ఈ మధ్యలో పోయే ఒక్కో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయట. మా బావమరిది ఇప్పుడు ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు.

స్కాన్ లేని ఆసుపత్రికి ముందు తీసుకెళ్లి, అక్కడి నుంచి స్కాన్ ఉన్నచోటికి పంపడంలో అర్థమేమిటి? ఆ మజిలీలో చేసిందేమిటి, సెలైన్ సీసా తగిలించడం తప్ప? యంత్రం ఉన్నచోట రాత్రిపూట తీసేవాడు ఉండడని జనం చెప్పుకుంటారు. ఖాళీ పోస్టుల లెక్క ఎవరికీ పట్టదు, ప్రారంభోత్సవ శిలాఫలకం మీద మాత్రం పేర్లు పట్టక రెండో పలక వేయిస్తారు.

ఇది చేతకాని పని కాదు. కొండల్లో ఉండే హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచే జిల్లా ఆసుపత్రి డాక్టరు స్కాన్ తీయించి, దూరాన ఉన్న నరాల వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడి, అక్కడికక్కడే ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. మన రాష్ట్రంలోనే గుండెపోటుకు వేలల్లో ఖరీదు చేసే ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారని మీరే రాశారు. అదీ గడ్డను కరిగించేదే. గుండెకు ఉన్న దిక్కు మెదడుకు ఎందుకు లేదు? 108 బండిలోంచే ముందుగా ఫోన్ చేసి స్కాన్ గది సిద్ధం చేయించడానికి ఏ నిధులు మంజూరు కావాలి? చీటీ మీద టైముకు ఒక గడి అచ్చు వేయించడానికి కూడా కమిటీ వేస్తారా?

అయ్యా, మీ జిల్లా పేజీలో ఒక పని చేయండి. ఏయే ఆసుపత్రుల్లో రాత్రిపగలు సీటీ తీస్తారో, ఎక్కడ ఈ ఇంజెక్షన్ నిల్వ ఉందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో అధికారులను అడిగి వేయండి. వాళ్లు చెప్పకపోతే, అడిగామనీ చెప్పలేదనీ వేయండి.

- విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి, ఉదయగిరి, నెల్లూరు జిల్లా