వార్షిక నివేదిక 2024–25: ఒకరికి ఒకరు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన కాలనీ నివాసుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జెండా వందనాలు, రక్తదాన శిబిరం, డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవ విరాళాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచారు. ఈ పేజీలు మాత్రం ఏడాది మధ్యలో, ఎవరూ అనుకోకుండా మొదలైన ఒక పనికి కేటాయిస్తున్నాను.

జులై 26కి కార్గిల్ విజయానికి 25 ఏళ్లు నిండాయి. 1999లో ద్రాస్ సెక్టార్‌లో ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన మన హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్యకు నివాళి అర్పించాం. ఆ తర్వాత, సైన్యంలో జంతువులను చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో డాగ్ హ్యాండ్లర్‌గా, అంటే కుక్కను సాకుతూ దానితో పని చేయించే సైనికుడిగా, చేసి రిటైరైన మన సభ్యుడొకరిని నాలుగు మాటలు చెప్పమన్నాం. కాల్పులు, ఎన్‌కౌంటర్ల గురించి చెబుతారని పిల్లలంతా ముందుకొచ్చి కూర్చున్నారు. ఆయన కుక్క పాదాలతో మొదలుపెట్టారు. గస్తీ నుంచి రాగానే నాలుగు పాదాలూ ఎత్తి వేళ్ల సందులు వెతకాలి, ముల్లో రాయో ఉంటే తీయాలి. ఒళ్లంతా దువ్వాలి, చెవులు చూడాలి. దాని తిండి అయ్యాకే మన టిఫిన్. జ్వరం వచ్చినా, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చినా ఈ వరుస మారదట.

తర్వాత జేబులోంచి రబ్బరు బంతి తీశారు. పేలుడు పదార్థం వాసన పట్టడం కుక్కకు ఒక ఆట. వాసన దొరికితే బంతి దొరుకుతుంది, హ్యాండ్లర్ మెచ్చుకుంటాడు. దేశం, పతకం, త్యాగం దానికి తెలియవు, అవన్నీ మనం పెట్టిన పేర్లే అన్నారు. ఈ మాట కొందరికి రుచించలేదు. నాకు మాత్రం ఆ సాయంత్రం మొత్తంలో విలువైన మాట అదే అనిపించింది. నిస్వార్థ సేవ అని మనం స్టేజీల మీద తెగ మాట్లాడతాం. కుక్క చేసేది సమాజ సేవ కాదు, ఒక్క మనిషిని నమ్ముకుని అతని వెంట వెళ్లడం. 2015లో కశ్మీర్‌లోని తంగ్‌ధార్ దగ్గర మాన్సీ అనే లాబ్రడార్, దాని హ్యాండ్లర్ బషీర్ అహ్మద్ వార్ ఒకే కాల్పుల్లో చనిపోయారు. 2023 సెప్టెంబర్‌లో రాజౌరీలో కెంట్ తన హ్యాండ్లర్‌ను కాపాడుతూ ప్రాణం విడిచింది. 2022లో అనంత్‌నాగ్‌లో రెండు తూటాలు తగిలినా జూమ్ పని ఆపలేదు.

అక్టోబర్ 28న అఖ్నూర్‌లో ఫాంటమ్ అనే సైనిక కుక్క చనిపోయిన వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూప్ సెల్యూట్లతో నిండిపోయింది. అదే వారం మన కాలనీలోనే ఒక వృద్ధ మాజీ సైనికుడి పెన్షన్ ఆగిపోయి ఉందని ఎవరికీ తెలియదు. బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ రక్షణ శాఖ పెన్షన్లు చూసే స్పర్ష్ పోర్టల్‌లో నమోదు కాలేదు. ఆయనకు స్మార్ట్‌ఫోన్ లేదు, పిల్లలు దగ్గర లేరు.

ఆ తర్వాతి కార్యవర్గ సమావేశంలో హ్యాండ్లర్ గారే ప్రతిపాదించారు: శిబిరాలు పెట్టి అందరికీ అన్నీ చేస్తామనడం మానేద్దాం, డాగ్ యూనిట్ పద్ధతిలో ఒకరికి ఒకరిని అప్పగిద్దాం. అలా ఓపిక ఉన్న ప్రతి సభ్యుడికీ ఒక వృద్ధుడినో ఒక వీర నారినో (అమర సైనికుడి భార్యనో) అప్పగించాం. లైఫ్ సర్టిఫికెట్, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, మందులు, వారానికి ఒకసారి ఇంటికెళ్లి పలకరింపు. ఫొటోలు గ్రూపులో పెట్టకూడదన్నది ఒక్కటే షరతు.

ఈ షరతు పెట్టాక కొందరి ఉత్సాహం చల్లబడిందన్నది నిజం. మొదట పేరిచ్చిన వారిలో కొందరు సంక్రాంతికి ఊరెళ్లి, తిరిగొచ్చాక మళ్లీ కనిపించలేదు. నిలబడిన వారిలో సైన్యంతో సంబంధం లేని బ్యాంకు ఉద్యోగులు, గృహిణులే ఎక్కువ. మరో విషయం, రిటైరయ్యాక పొద్దు గడవక టీవీ ముందే కూర్చునే మన మిత్రులు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు పొద్దున్నే బండి తీసి బయల్దేరుతున్నారు. అవతలి వాళ్ల కంటే మా ఆయనకే ఎక్కువ మేలు జరిగిందని వారిలో ఒకరి భార్య నాతో అన్నారు. అమెరికాలో 2021లో వచ్చిన చట్టం కింద అక్కడి మాజీ సైనికుల శాఖ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలతో ఉన్నవారు సహాయక కుక్కలకు శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ ఇచ్చే పనే వారికి చికిత్స. మన పని అంత పెద్దది కాదుగానీ సూత్రం దగ్గరదే.

రిటైరైన సైనిక కుక్కను సంఘం తరఫున దత్తత తీసుకుందామని యువ సభ్యులు కోరారు. మీరట్‌లోని కోర్ కేంద్రం నుంచి అలాంటి దత్తతకు అవకాశం ఉంది. కానీ హ్యాండ్లర్ గారు వద్దన్నారు. సంఘం అంటే ఎవరూ కారు, దానికి ఒక మనిషి కావాలి, పైగా దీపావళికి మన వీధిలో టపాకాయల మోత తెలిసిందే కదా అన్నారు. ఒక కుటుంబం బాధ్యత తీసుకుంటే దరఖాస్తుకు సంఘం సాయం చేస్తుంది.

వీధికుక్కల సంగతి ఎప్పటిలాగే గొడవగానే ఉంది. ఈ నివేదిక కాలంలో అమల్లో ఉన్న 2023 నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కను పట్టుకున్న చోటే వదలాలి, చెవికి గాటు ఉంటే ఆపరేషన్ అయినట్టు. వాటి ప్రకారమే తిండి పెట్టే చోటును నివాసుల సంఘమే నిర్ణయించాలి, పిల్లలు ఆడే స్థలాలకు, మెట్లకు, గేట్లకు దూరంగా. సెప్టెంబర్ 28న రేబిస్ దినోత్సవం నాడు పిల్లలకు ఒక్కటే గట్టిగా చెప్పాం: కరిస్తే ముందు సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, తర్వాత ఆలస్యం లేకుండా టీకా. పసుపు, కారం పెట్టొద్దు.

తిండి పెట్టే చోటు పాత నీళ్ల ట్యాంకు వెనకా, పార్కు చివరా అన్నది తేలలేదు. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. ఒకరికి ఒకరు జాబితాలో ఇంకా ఎవరికీ అప్పగించని పెద్దలున్నారు, పేరివ్వదలచినవారు ఆ రోజే రిజిస్టర్‌లో రాయండి. చందా బాకీ ఉన్నవారు కోశాధికారి గారిని కలవగలరు.

ఇట్లు,
కార్యదర్శి