గిటారు సంగతి నీకు చెప్పలేకపోయాను

కడప,
ఆదివారం.

చి॥ ల॥ సౌ॥ అమ్మాయికి నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరమూ క్షేమంగా ఉన్నాము. అల్లుడుగారినీ బాబునూ అడిగినట్టు చెప్పు.

పోయిన వారం నువ్వు ఫోను చేసి, బాబును గిటారు క్లాసులో చేర్పించామనీ, ఇంట్లో తాత గిటారు ఉండగా కొత్తది కొనడమెందుకనీ, హైదరాబాదుకు ఎవరైనా వచ్చేవాళ్లుంటే వాళ్లచేత పంపమనీ అన్నావు. నేను ‘చూద్దాంలేమ్మా’ అని మాట మార్చి బాబు చదువు సంగతి అడిగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెప్పబోతే గొంతు పెగలదని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. గిటారు ఇంట్లో లేదమ్మా. రెండున్నరేళ్ల కిందట, ఎర్రముక్కపల్లె ఇల్లు ఖాళీ చేసి ఈ ఫ్లాటులోకి రాబోయే ముందు, దాన్ని మూడు వేల ఐదు వందలకు అమ్మేశాను. ఆ తర్వాత నువ్వు రెండు పండుగలకు వచ్చి వెళ్లావు. సామాన్లతోపాటు అటక మీద ఉందనుకుని నువ్వు అడగలేదు. నువ్వు అడగలేదు గనుక నేనూ చెప్పలేదు.

అది మన ఇంటికి ఎట్లా వచ్చిందో నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. 1983లో, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరిన రెండో ఏడు, బంధువుల పెళ్లికి మద్రాసు వెళ్లాను. తిరుగు బండికి నాలుగు గంటల వ్యవధి ఉంటే, సెంట్రల్ స్టేషను పక్కనే ఉన్న మూర్ మార్కెట్టులోకి ఊరికే నడిచాను. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, గడియారాలు, ఎవరెవరి ఇళ్లలోనో వాడి వదిలేసిన వస్తువులు అక్కడ గుట్టలుగా ఉండేవి. ఒక కొట్టులో కుట్టుమిషను మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉందది. రెండు తీగలు లేవు, లోపలి చీటీ చిరిగిపోయి ఎవరు చేసిందో కూడా తెలియడం లేదు. ఐదు వందలు చెప్పినవాడు మూడు వందల ఇరవై ఐదుకు దిగాడు. అది నా నెల జీతంలో మూడో వంతు. రాత్రంతా బండిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని వచ్చాను. 1985లో మూర్ మార్కెట్టు అగ్నిప్రమాదంలో కాలిపోయిందని పేపర్లో చదివిన రోజు, దాన్ని గోడ మీది నుంచి దించి, వాయించకుండా, ఊరికే కాసేపు పట్టుకుని కూర్చున్నాను.

వాయించడం నేర్పింది చర్చిలో పాటలకు గిటారు పట్టే ఒక పెద్దమనిషి. చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కే ఎఫ్ కార్డు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే పట్టు, నాకు పట్టుబడడానికి ఆరు నెలలు పట్టింది. శ్రుతికి ఆ రోజుల్లో పరికరాలేవీ లేవు. కొడితే సెకనుకు 256 సార్లు కంపించి ఒకే స్వరం పలికే ట్యూనింగ్ ఫోర్కును ల్యాబు నుంచి ఇంటికి తెచ్చుకుని, రెండో తీగను మొదటి ఫ్రెట్టు (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర నొక్కితే వచ్చే స్వరాన్ని దానితో కలిపి, మిగిలిన తీగలను దాన్నిబట్టి సరిచేసుకునేవాణ్ణి. నువ్వు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఆ ఫోర్కును రబ్బరు చెప్పు మీద కొట్టి, దాని కాడను గిటారు పలకకు ఆనించి, పెట్టె మొత్తం మోగుతుంటే కళ్లు పెద్దవి చేసి నన్ను చూసేదానివి.

వేసవిలో దాని పోషణ నీ పనిగానే ఉండేది. మన కడప ఎండలకు చెక్కలో తేమ ఇంకిపోయి, తీగలను నొక్కే మెడ మీది పలక కుంచించుకుని, ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకునేవి. ఒక ఏప్రిల్లో పైపలక, తీగలు కట్టే బ్రిడ్జి కింద, వెంట్రుకంత సన్నగా పగిలింది. అప్పటినుంచి మనం ఒక ప్లాస్టిక్ సబ్బు డబ్బాకు కాల్చిన దబ్బనంతో చిల్లులు పొడిచి, అందులో తడిపి పిండిన స్పాంజి పెట్టి, డబ్బాను గిటారు సంచిలో తల దగ్గర ఉంచేవాళ్లం. రెండు రోజులకొకసారి నువ్వు ఆ స్పాంజిని తడిపి, ఒక్క చుక్క కారకుండా పిండి, నాకు చూపించి మరీ పెట్టేదానివి.

ఇక అమ్మిన సంగతి. డబ్బుకు ఇబ్బంది పడి అమ్మలేదు. ఇల్లు చిన్నదని మీ అమ్మతో అన్నాను గానీ అదీ నిజం కాదు. మూరెడు వెడల్పున్న వస్తువుకు ఈ ఫ్లాటులో చోటు లేకపోలేదు. నా ఎడమచేతి ఉంగరపు వేలు అంతకు రెండేళ్ల ముందునుంచే బిగుసుకుపోతూ ఉండింది. పొద్దున లేవగానే వేలు మడిస్తే మళ్లీ తెరుచుకునేది కాదు, కుడిచేత్తో విప్పుకోవలసి వచ్చేది. డాక్టరు కీళ్లవాతం అన్నాడు. నేను నీకు చెప్పలేదు. కార్డు పట్టుకుంటే ఒక తీగ పలికేది, ఒక తీగ మూగపోయేది. కొన్నాళ్లు తలుపు వేసుకుని ప్రయత్నించాను, తర్వాత మానేశాను. మానేసిన తర్వాత అది గోడ మీద నన్నే చూస్తున్నట్టు ఉండేది. కంటికి కనబడకపోతే మనసుకు నొప్పి ఉండదనుకున్నాను. నా బాధను ఇంట్లోంచి పంపేయాలనుకుని గిటారును పంపేశానమ్మా.

ఫోనులో ప్రకటన పెట్టిన మూడో రోజు ఇద్దరు ఇంజనీరింగు కుర్రాళ్లు బైకు మీద వచ్చారు. కొన్న కుర్రాడు మంచివాడే. శ్రుతి చేయమని నాకే ఇచ్చాడు, చేశాను. అతను వాయించిన పాట నాకు తెలియదు. కానీ నా వేళ్ల కింద రెండేళ్లుగా సగం సగం పలికిన తీగలు అతని చేతిలో ఆరూ నిండుగా పలికాయి. అప్పుడైనా ‘వద్దులే బాబూ’ అనవలసింది. నోరు రాలేదు. సంచి జిప్పు తెగిపోయి ఉంటే మీ అమ్మ పాత దుప్పటి ఇచ్చింది. వెనక కూర్చున్న కుర్రాడు దుప్పట్లో చుట్టిన గిటారును ఇద్దరి మధ్యా నిలబెట్టి పట్టుకున్నాడు. వీధి చివర స్పీడు బ్రేకరు మీద బైకు ఎగిరినప్పుడు ఆరు తీగలూ ఒక్కసారి జుమ్మన్నాయి. గేటు దగ్గర నిలబడిన నాకు ఆ చప్పుడు వినబడింది.

మనసుకు సర్దిచెప్పుకోవడానికి, అది ఏ పెద్ద కంపెనీదీ కాదు, వెనకా పక్కలా ప్లైవుడ్డు అనుకున్నాను. కానీ పైపలక మాత్రం ఒంటిచెక్క అని నాకు తెలుసు. నడుమ ఉన్న గుండ్రటి రంధ్రం అంచును వేలితో తడిమి చూస్తే, పైన కనిపించే గీతలే అంచు మందంలోనూ కిందికి దిగుతాయి. ప్లైవుడ్డయితే పొరలు పొరలుగా ఉంటుంది. ఇప్పటి గిటారుకు రూపం దిద్దిన టోర్రెస్ అనే స్పెయిను వడ్రంగి, ప్రాణం పైపలకలోనే ఉందని చూపించడానికి, 1862లో వెనకా పక్కలూ అట్టతో చేసి పైపలక మాత్రం మంచి చెక్కతో ఒక గిటారును తయారుచేశాడు. ఈ కథ నీకు నేనే చెప్పాను. చెప్పినవాణ్ణే వెనక చెక్కను సాకుగా పెట్టుకున్నాను.

నన్ను ఇంకా ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు, తీగ బిగువుకూ స్వరానికీ ఉన్న సంబంధం చూపే సోనామీటరు పాఠం చెప్పాను. తీగ పొడవు మారనప్పుడు దాని పౌనఃపున్యం బిగువు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఎన్ని వందల సార్లు బోర్డు మీద రాసి ఉంటానో. అంటే ఆరు తీగలనూ ఒక్క పూర్తి స్వరం కిందికి దింపి ఉంటే, బిగువు దాదాపు ఐదో వంతు తగ్గిపోయేది. స్వరం పాత ఎత్తుకే కావాలంటే రెండో ఫ్రెట్టు మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే పట్టీ, బిగిస్తే సరిపోయేది. తీగలు సన్నవి వేయించి, ఫ్రెట్లకూ తీగలకూ మధ్య ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గించి ఉంటే వేలికి మరింత సులువయ్యేది. ఇదంతా నాకు రాని విద్య కాదు. పిల్లలకు చెప్పిన సూత్రాన్ని నా వేలికి వర్తింపజేసుకోవాలన్న ఆలోచన, గిటారు గడప దాటిన నాలుగు నెలలకు, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఉండగా వచ్చింది. ముద్ద మింగుడు పడలేదు.

వేలు బొత్తిగా పనిచేయకపోయినా దారి ఉండేది. మన కడప ఆకాశవాణిలో కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య ఖాళీ వస్తే సినిమా పాటలను గిటారు మీద సాగదీసి వాయించిన రికార్డులు వేసేవాళ్లు, గుర్తుందా? అది హవాయి పద్ధతి. గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగలను ఫ్రెట్లకు తగలకుండా పైకి ఎత్తి, ఎడమచేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతారు. వేలితో నొక్కే పనే లేదు. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆ పద్ధతిలో హిందుస్తానీ రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ అదే గిటారుకు మరిన్ని తీగలు చేర్చి మోహనవీణ అని పేరు పెట్టి, 1994లో గ్రామీ అవార్డు కూడా అందుకున్నారు. మన గాత్ర సంగీతంలోని గమకానికి, అడుగడుక్కీ ఫ్రెట్టు అడ్డం వచ్చే పద్ధతికన్నా ఈ జారుడే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. మూగపోయిన వేలితోనే నేను ఒక కొత్త వాద్యం మొదలుపెట్టి ఉండవచ్చు. మూర్ మార్కెట్టులో వెల్లకిలా పడుకున్న గిటారు, నా ఒళ్లోనూ వెల్లకిలా పడుకుని పలికి ఉండేది.

వెతకలేదనుకోకు. పోయిన సంవత్సరం ఆ కుర్రాడికి ఫోను చేశాను. చదువు అయిపోయి ఉద్యోగానికి వెళ్తూ హాస్టల్లో తన జూనియరుకు ఇచ్చాడట. ఆ జూనియరు తిరుపతిలో ఎవరికో అమ్మాడట. కొన్నవాళ్ల వివరాలు అతని దగ్గర లేవు. వాళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టను. సొమ్ము ఇచ్చి కొన్నారు, వాయించుకున్నారు. తప్పు నాది, అందులోనూ నిన్ను అడగకపోవడం అసలు తప్పు. మొదటి కార్డు నువ్వు దాని మీదే పట్టావు. చేతులు చాలక, మెడను కుర్చీ చేతి మీద ఆనించి వాయించేదానివి. అది సగం నీది. ‘అమ్ముతున్నానమ్మా’ అని ఒక్క మాట అంటే నువ్వు వద్దనేదానివి. వద్దంటావని తెలిసే అడగలేదు. దానికి నన్ను క్షమించు.

బాబు విషయానికి వస్తే, వాడి ఎనిమిదేళ్ల వయసుకు ఆ గిటారు ఎటూ పెద్దదయ్యేది. మూడు వంతుల సైజుది, నైలాను తీగలది చూడు. ఉక్కు తీగలు ఆ లేత వేళ్లను కోసేస్తాయి, పిల్లవాడు నొప్పికే మానేస్తాడు. కొనే ముందు పన్నెండో ఫ్రెట్టు దగ్గర తీగకూ ఫ్రెట్టుకూ మధ్య ఎత్తు చూడు, నాలుగు మిల్లీమీటర్లు దాటితే తీసుకోకు. ఏ.సి. గాలి తగిలే గోడకు తగిలించకు, కారు డిక్కీలో ఎండలో వదలకు. నెలకొకసారి మెడ వెంబడి కన్ను పెట్టి వంకర వచ్చిందేమో చూడమని వాడికి నేర్పు, వాడికి ఆ పని ఇష్టమవుతుంది.

సబ్బు డబ్బా నా దగ్గరే ఉంది. కుర్రాళ్లకు ఇవ్వడం మరిచిపోయాను. పోయిన మార్చిలో మీ అమ్మ వంటింట్లో దాన్ని చూసి, చిల్లులు పడిన డబ్బా ఎందుకని పారేయబోతే, వద్దని తీసుకుని బీరువాలో పెట్టుకున్నాను. స్పాంజి మార్చి, పాత కేపోతోపాటు రేపు బాబుకు కొరియరు చేస్తున్నాను.

ఇంకొక్క మాట. ఐదో తరగతిలో నువ్వు జామెట్రీ బాక్సులోని డివైడరుతో గిటారు తల వెనక, కింది బిరడాకు కాస్త పక్కగా, నీ పేరులోని ‘ప’ చెక్కావు. నేను కోప్పడ్డాను, చెవి మెలిపెట్టాను, ఉప్పుకాగితంతో రుద్ది చెరపబోయాను. అది చెరగలేదు; లక్క రంగు పోయి ఆ అక్షరం ఇంకా తెల్లగా తేలింది. ఇప్పుడు ఆ గిటారును ఆనవాలు పట్టడానికి అదొక్కటే గుర్తు. బాబు కోసం వాడిన గిటార్లు చూడటానికి వెళ్లినప్పుడు, అక్కడ పెద్దవి కూడా ఉంటే, ఒక్కొక్కదాన్నీ తిప్పి తల వెనక చూడమ్మా.

ఇట్లు,
నీ నాయన